సాంచాల షెడ్డులో స్నానపు గది

పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్ వాస్తవ్యుడను, నేతపనివారి ఇంట పుట్టినవాడను, అరవై ఒకటో ఏట ఉన్న పర్శరాములు అనే నేను చెప్పగా, దస్తావేజు లేఖరి ఓంప్రకాశ్ రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉంది. చెడిపోయినవి ఊపిరితిత్తులు మాత్రమే, వాటితో ఎవరూ ఆలోచన చేయరు. నన్నెవరూ బలవంతపెట్టలేదు, ఆశ చూపలేదు. ఆశ చూపినా ఇప్పుడు నాకు పనికిరాదు. మాట మాటకూ ఆగవలసి వస్తున్నందున ఇది కొంత తెగి తెగి ఉంటుంది. చదివేవారు సర్దుకోవాలి.

1. ముందు నా పని సంగతి చెప్పాలి. అది తెలియకపోతే కింద రాసినవేవీ అర్థం కావు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. నా సాంచాలు మూతపడ్డాక సంతోష్‌రావు దొర ఉప్పుడు బియ్యం మిల్లులో చేరాను. బాయిలర్ నుంచి వెళ్లే ఆవిరి గొట్టాలకు వేడి పోకుండా ఆస్బెస్టాస్ తాడు చుట్టడం, అది పాతబడితే ఊడదీసి కొత్తది చుట్టడం నా పని. పోగు పట్టిన చేతులని నేతవాళ్లనే ఏరి పిలిచేవారు. పెనం మీది నుంచి పొయ్యిలో పడ్డామని తెలిసేసరికి జీవితం అయిపోయింది.

పాత తాడు ఊడదీస్తే తెల్లటి నూగు లేస్తుంది. సాంచాల మీద పత్తి నూగు కూడా అలాగే లేచేది. మగవాడు పని నుంచి రాగానే అంగీ విప్పించి వాకిట్లో దులపడం మా వాడకట్టులో ప్రతి ఇంటి అలవాటు. నా భార్య బాలలక్ష్మి పత్తి నూగు దులిపిన చేతులతోనే దీన్నీ దులిపింది. వేరే ఇంటి ఆడమనిషైతే ఇదేం దుమ్మని అడిగేదేమో. నేతింటి మనిషి కనుక అడగలేదు. నేను ఇంటికి తెచ్చిన మిగులు తాడు ముక్కలతో కుండ దించే గుడ్డలు కూడా కుట్టి, వేడి తగలదని మురిసిపోయి చుట్టుపక్కల అందరికీ పంచింది.

మిల్లు గడప తొక్కని మనిషి నాకంటే ముందే పోయింది. మొదట క్షయ అన్నారు, ఆ మందులన్నీ మింగించారు. తర్వాత కరీంనగర్‌లో పెద్ద డాక్టరు ఊపిరితిత్తుల పొరకు క్యాన్సర్ అని చెప్పి, ఈమె ఏ ఫ్యాక్టరీలో పనిచేసిందని నన్ను అడిగాడు. ఇంట్లోనే ఉండేదని చెప్పాను. ఇప్పుడు నాకూ అదే జబ్బు. నాకు వచ్చినందుకు అంత బాధ లేదు. ఆమెకు వచ్చినందుకు మాత్రం ఏడుపు ఆగదు.

2. నా స్వార్జితమైన ఇల్లు నా ఒక్కగానొక్క కొడుకు శ్రీహరికి చెందాలి. అయితే షరతుల మీద. వాడిప్పుడు అదే మిల్లులో గుంపుమేస్త్రీ. పాత బాయిలర్ తీసేస్తున్నారు, ఆ గొట్టాల తాడంతా ఊడదీసే పని వాడు పట్టాడు. ఆ పని మానుకొమ్మని రాయించాలని ఉంది. రాయిస్తే ఏం తినాలని అడుగుతాడు. అందుకని ఇంతమట్టుకు రాయిస్తున్నాను. తాడును నీళ్లతో బాగా తడపకుండా ముట్టకూడదు. మూతికి దస్తీ రుమాలు కాదు, సన్న దుమ్మును ఆపే మాస్కు, ముఖానికి అతుక్కునేది, గుంపులో అందరికీ ఉండాలి. ఊడదీసింది తడిగా ఉండగానే మందపాటి సంచుల్లో వేసి మూతి కట్టాలి. రాలిన దాన్ని చీపురుతో ఊడ్వకూడదు, తడిగుడ్డతో ఎత్తాలి. మిల్లు బట్టలతో ఎవరూ ఇంటికి పోకూడదు. వీటిలో ఏది తప్పినా ఇల్లు శ్రీహరిది కాదు, నా కోడలు మమతారాణిది. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెకే ఇస్తున్నాను, మొగుడని మొహమాటపడకూడదు.

ఈ షరతులు వాడికి నోటితో చాలాసార్లు చెప్పాను. "నీళ్లు గొట్టుకుంట తీస్తే పని జల్ది ఒడుస్తదా బాపూ? దొర ఒప్పుకోడు. నేను కాదంటె ఇంకోణ్ణి పిలుస్తడు" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు, నా దిగులంతా అదే. దున్నపోతు మీద వాన పడ్డట్టు నా మాట జారిపోయింది. బతికున్న తండ్రి నోటికి లేని విలువ చచ్చిన తండ్రి కాగితానికి ఉంటుందేమోనని చూస్తున్నాను. ఉంటుందని గట్టి నమ్మకం మాత్రం లేదు.

3. ఇంటి వెనుక సాంచాల షెడ్డు ఎవరి సొంతమూ కాదు. తాడు పనివాళ్లు స్నానం చేసి బట్టలు మార్చుకునే గదిగా దాన్ని వదిలిపెడుతున్నాను. వెనక సందులోంచి లోపలికి రావాలి, మిల్లు బట్టలు అక్కడే తొట్లో నానబెట్టాలి, తల తడుపుకొని స్నానం చేసి, ఇంటి బట్టలు కట్టుకొని ముందు తలుపులోంచి బయటికి పోవాలి. ఎవరి బట్టలు వారే పిండుకోవాలి. పెళ్లానికో తల్లికో మూటగట్టి ఇచ్చేవాడికి షెడ్డులోకి ప్రవేశం లేదు. కప్పు మీద ఉన్నవి కూడా ఆస్బెస్టాస్ రేకులే కాబట్టి నీళ్ల గొట్టం దించడానికని వాటిని కోయడం, తూట్లు పెట్టడం చేయరాదు. ఆ గదిలో ఎవరైనా స్నానం చేస్తారా అని ఓంప్రకాశ్ అడిగాడు. చేయరనే అనుకుంటున్నాను. అయినా రాయమన్నాను.

4. సంతోష్‌రావు దొరకు మిల్లు పేరు అచ్చువేసిన ఒక దస్తీ ఇస్తున్నాను. నూగుకు దగ్గు వస్తోంది, మూతికి ఏదన్నా ఇప్పించండి దొరా అని నేనూ, నా జతగాడు రాజేశమూ అడిగితే, దసరాకు మా అందరికీ తలా ఒకటి పంచింది ఇదే. కట్టుకుంటే ఊపిరి ఆడేది కాదు, నూగు మాత్రం ఆగేది కాదు. నాకు జబ్బని తెలిశాక ఆయన "బీడీలు తాగుతవు గదా పర్శరాములూ" అన్నాడు. తాగాను. మరి బాలలక్ష్మి తాగలేదు. ఆ దస్తీ ఆయనే మూతికి కట్టుకొని, గొట్టాలు ఊడదీసే చోట ఒక్క పూట నిలబడాలని నా కోరిక. నిలబడడని నాకు తెలుసు. అయినా ఇవ్వకుండా పోతే నా కోపం నాతోనే కాలిపోతుంది.

5. నా ఆక్సిజన్ మిషన్ రాజేశం భార్య కమలవ్వ ఇంట్లో ఉండాలి. రాజేశం క్షయ కార్డు చేతిలో పట్టుకొనే చనిపోయాడు, ఆ కార్డు మీద రాసింది నిజమని ఆమె ఇప్పటికీ నమ్మదు. తాడు పనివాళ్లలో తర్వాత ఎవరికి ఊపిరి అందకపోతే వారు తీసుకెళ్లాలి, అయిపోయాక తిరిగి తెచ్చివ్వాలి. ఆ మిషన్‌కు సెలవు దొరకదు. వాడకట్టులో మిగిలిన కుండగుడ్డలన్నీ కమలవ్వే అడిగి తీసుకొని, తడిపి, సంచిలో మూతి కట్టించాలి. బాలలక్ష్మి గుర్తని ఎవరూ దాచుకోవద్దు.

6. నా సాంచాల మీద నేసిన ఆఖరి చీర, నీలం మీద పసుపు అంచుది, మమతారాణికి. బాలలక్ష్మి దాన్ని మంచి రోజున కడతానని పెట్టెలోనే ఉంచింది. మమతారాణి మాత్రం మంచి రోజు కోసం చూడకుండా కట్టుకోవాలి. మనవరాలు అనసూర్యకు నా నాడె, సాంచా మీద పోగును అటూ ఇటూ నడిపింది. పడవనుకొని నీళ్లలో వదులుతుంది, వదలనివ్వండి.

7. పై వరకు రాయించి సంతకం పెట్టబోతుండగా శ్రీహరి మిల్లు నుంచి వచ్చాడు. కనురెప్పల మీద కూడా తెల్లగా ఉంది. అంగీ విప్పి దండెం మీద వేశాడు. ఐదేళ్ల అనసూర్య దాన్ని గుంజుకొని, వాకిట్లో పీట ఎక్కి, "బాపు అంగి నేనే దులుపుత" అని రెండు చేతులతో దులిపింది. వద్దని అరవబోయాను. దగ్గు తెర వచ్చింది, మాట రాలేదు. ఎండ పొడలో ఆ నూగు పిల్ల జుట్టు మీద వాలడం చూశాను.

ఈ షరతులన్నీ ఇవాళ్టి నుంచే అమలు కావాలని రాయమన్నాను. ఓంప్రకాశ్ కలం ఆపాడు. "వీలునామా అంటె మనిషి పోయినంకనే చెల్లుతది అన్నా. నువ్వున్నన్ని దినాలు ఇది ఉత్త కాగితం" అన్నాడు. ఇల్లు ఇప్పుడే వాడి పేర రాసిస్తే ఇక వాడి మీద నాకున్న ఆ కాస్త పట్టూ పోతుంది.

కాబట్టి ఆఖరి మాట. ఊపిరితిత్తుల చుట్టూ చేరి ఊపిరాడనివ్వని నీళ్లు తీయించడానికి ఇకమీదట నన్ను కరీంనగర్ తీసుకుపోవద్దు, ఆటో మాట్లాడవద్దు. ఇది నా ఇష్టం, ఇందుకు శ్రీహరిని ఎవరూ నిందించకూడదు. ఈ కాగితం ఎంత తొందరగా చెల్లితే ఆ పిల్లకు అంత మేలు.

తేదీ: 14 మార్చి 2023, సుల్తానాబాద్.

(సంతకం) పర్శరాములు

సాక్షులు:
భానుప్రసాద్, మందుల దుకాణం, మా వాడకట్టు (సంతకం)
భూమవ్వ, మిల్లులో ఊడ్చే పని (వేలిముద్ర)

రాసినవారు: ఓంప్రకాశ్, దస్తావేజు లేఖరి