హోటల్ల తిన్న జొన్నరొట్టె

అవ్వా,

నేను నిరోషను. ఫోన్ల నీకు ఇనవడదని కార్డు రాస్తున్న, బాపుతోని చదివించుకో. పానం ఇప్పుడు నిమ్మళంగున్నది, ఫికర్ చేయకు.

గోధుమ పడదని దవాఖానల చెప్పినకాన్నుంచి బయట ఏదైనా అడిగే తింటున్న. మొన్న ఆఫీసోళ్లతోని గీ నల్లగొండల హోటల్‌కు పోతే జొన్నరొట్టె కనవడ్డది. మన మక్తల్ దిక్కు తిండే గదా అని పానం గుంజింది, అడగకుండనే తిన్న. ఇంటికొచ్చినంక కడుపునొప్పితోని మంచం దిగలే. తర్వాత అడిగితే, రొట్టె ఇరగకుండ కర్రతోని ఒత్తొస్తదని గోధుమపిండి కలుపుతరట. ఒట్టి జొన్నపిండైతే చేత్తోనే తట్టాలె గదా, దాని మీద చేతి యేళ్ల అచ్చులు లేనప్పుడే నాకు తెల్వాల్సుండె.

బాపు మోకాలు నొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా? నాకు పంపే పచ్చడిల ఇంగువ వెయ్యొద్దని అమ్మకు చెప్పు, దాంట్ల గూడ గోధుమపిండి ఉంటదట.

ఇటు వచ్చే జానయ్య మామతోని నువ్వు రొట్టెలు పంపుతున్నవని అమ్మ చెప్పింది. చెయ్యి వణికి రొట్టె ఇరుగుతాంది, జరంత గోధుమపిండి కలిపితే ఏమైతది అన్నవట. కలపకు అవ్వా. ఇరిగిన ముక్కలే మూటగట్టి పంపు. వాటి మీద నీ యేళ్ల అచ్చులుంటే, ఎవ్వల్నీ అడిగే పని లేకుండ తింట.

అందరికి దండాలు.

నీ మనుమరాలు
నిరోష