నా మెడ, అత్తయ్య వైద్యం

నాన్నా,

మెడ తప్ప నేను క్షేమం. మొన్న బడిలో పార్శ్వపు తలనొప్పి వచ్చి వాంతి చేసుకున్నానని, అత్తయ్య తన నడుంనొప్పి తగ్గించిన కైరోప్రాక్టర్ దగ్గరికి, అదే, వెన్నూ మెడా విరిచి సర్దే ఆయన దగ్గరికి, లాక్కెళ్లింది. ఆయన బల్ల మీద పడుకోబెట్టి గడ్డం పట్టుకున్నాడు. "నాకొద్దండీ" అన్నాను. "పిల్లలు అలాగే అంటారు, మీరు కానివ్వండి" అంది అత్తయ్య. ఆయన తల గభాల్న ఓ పక్కకి తిప్పాడు, మెడ టక్కుమంది. తలనొప్పి తగ్గలేదు సరికదా, ఇప్పుడు పక్కకి చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. నా మెడకి నన్నడగక్కర్లేదా? శనివారం మళ్లీ రమ్మన్నాడు. చచ్చినా వెళ్లను.

మన డాక్టరు ఇచ్చిన మాత్రలు వెంటనే పంపు. పిల్లి ఈనిందా? తమ్ముణ్ణి నా మంచం ఎక్కనివ్వకు. నానమ్మకి దండాలు.

నా దగ్గర కవరుంది. కావాలనే పోస్టుకార్డు మీద రాశాను. దీన్ని పోస్టులో వేసేది అత్తయ్యే, చదవకుండా వెయ్యదు.

నీ కూతురు