ఒక్క లైటుకే రేకు తొడుగు

12-8-94, ఓల్డ్ సెటిల్‌మెంట్

కలకత్తా ల్యాబ్ నుంచి సర్టిఫికెట్ వచ్చింది! మా అబ్బాయి సూరిబాబు తయారుచేసిన ఎమర్జెన్సీ లైటు పక్కనున్న రేడియోలో గరగర పుట్టించదని రాసి ముద్ర వేశారు. పట్టలేని ఆనందంతో దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టి దణ్ణం పెట్టాను.

సాయంత్రం అమ్మకానికున్న పంతొమ్మిది లైట్లలో ఒకటి వెలిగించాను. పక్కింటి దీదీ రేడియోలో గరగరకి వార్తలు ఒక్క ముక్కా వినబడలేదు. విప్పి చూస్తే లోపల ఆ గరగరను ఆపే రేకు తొడుగే లేదు. పరీక్షకు పంపినదానికి మాత్రమే వేశాడట!

"ఇదేట్రా?"

"శాంపిలు పాసైపోనాది గదా నాన్నా, ఇంకెవులు సూస్తారు?" అని నవ్వాడు.

ఛీ! రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు బ్రేకులు బిగించాను. ఆఫీసరు ఎక్కే బోగీకి ఒకలా, జనం ఎక్కే బోగీకి ఒకలా బిగించానా? అసహ్యంతో అన్నం సయించలేదు.

సర్టిఫికెట్‌ను పటం దగ్గర నుంచి తీసేశాను. వాడు నా పక్కన కూర్చుని మిగతా పంతొమ్మిదింటికీ రేకు కత్తిరించాకే అది మళ్లీ అక్కడికి చేరుతుంది.