మంచం కోడుకు వేసిన ముడులు

సాయవ్వా,

నిన్ను పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. యాభై ఏండ్ల కాపురంలో "ఏమే" అనడమే తప్ప... ఎదురుగా లేవు కాబట్టి రాయగలుగుతున్నాను. నువ్వు పోయి నాలుగేండ్లు దాటింది. నేను బాగానే ఉన్నాను. కానీ కోపంగా ఉన్నాను.

ఐదో తరగతి రాత నాది. తప్పులుంటే నవ్వకు.

మన బిడ్డ కూతురు శిరీష గురించే ఈ ఉత్తరం. పట్నంలో పెద్ద దవాఖానలో ఆపరేషన్ల చదువుకు సీటు వచ్చిందని వాడంతా చక్కెర పంచావు, గుర్తుందా? చేరిందో లేదో కరోనా ముదిరింది. కోత నేర్వాల్సిన పిల్లకు ప్లాస్టిక్ సూటు తొడిగారు. ముక్కుల్లో పుల్లలు పెట్టడం, ఆక్సిజన్ చూడడం, పోయినవాళ్ల ఇంటికి ఫోన్ చేసి చెప్పడం... అదే పని. ఆపరేషన్ గదులు సగం మూశారు. తెరిచిన గదుల్లోకి చెయ్యి తిరిగినవాళ్లనే పంపారు. నేర్చుకునేవాళ్లు బయటే. చదువంటే ఇగ ఫోన్‌లో వీడియోలు చూడడమే.

జ్వరాలవాళ్లను చూడొద్దని నేననను. ఎవరో ఒకరు చూడాల్సిందే. కానీ ఆ పిల్లల చదువు ఎటు పోతుందని ఒక్కరన్నా ఫికర్ చేశారా?

అప్పుడే సెలవు మీద మనింటికి వచ్చి, మనకు అంటొద్దని ముందరి అర్రలో పద్నాలుగు రోజులు ఒక్కతే ఉంది. నులక మంచం కోడుకు నల్లదారం కట్టి, చెయ్యి మరవొద్దని పొద్దంతా కుట్ల ముడులు వేసేది. కాసేపు రెండు చేతులతో, కాసేపు ఒంటి చేత్తో. కళ్లు మూసుకుని కూడా వేసేది. నువ్వు గడప అవతల కూర్చుని చూసేదానివి. అప్పటికే నీకు కడుపునొప్పి.

"నా కడుపు ఉండనే ఉన్నది గద పిల్లా, మంచం కోడును ఎందుకు కుడుతున్నవు?" అని నవ్వావు. పిల్ల నవ్వలేదు. నేను చూశాను.

పిత్తంలో రాళ్లని నీకు ఆపరేషన్ తారీఖు ఇచ్చిందీ పిల్ల చదివే ఆ దవాఖానే. కరోనా అని వాయిదా వేశారు. మళ్లీ ఇచ్చారు, మళ్లీ వాయిదా. తొందర లేని ఆపరేషన్ అన్నారు... ఎవరికి లేదు తొందర? మూడో తారీఖు రాకముందే రాయి అడ్డం పడి, లోపల చీము పట్టింది. అక్కడే కింది అంతస్తులో నువ్వు పోయావు. పిల్ల పై అంతస్తులో ప్లాస్టిక్ సూటులో ఉంది. ఆపరేషన్ దొరక్క అవ్వ పోయింది. ఆపరేషన్ నేర్వడానికి వచ్చిన మనవరాలు అదే కప్పు కింద ఖాళీ చేతులతో ఉంది.

నేను ఎవరినీ ఒక్క మాట అడగలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. రైస్‌మిల్లులో సుతిలి దారంతో బస్తాలు కుట్టి ఇంటికొచ్చి నేను పలక్కుండా కూర్చుంటే, "నీ నోటికి కూడ సుతిలి ఏసుకున్నవా?" అనేదానివి. ఆ రోజు నిజంగానే వేసుకున్నాను.

పిల్ల చదువు పూర్తయింది. సర్టిఫికెట్ ఇచ్చారు. ఇక్కడే బాన్సువాడలో ఒక దవాఖానలో చేరింది. ఏడాది పాటు ఏం చేయించారనుకున్నావు? కట్లు కట్టడం, కాగితాలు రాయడం, పెద్ద డాక్టర్ కోస్తుంటే పక్కన పట్టుకుని నిలబడడం. కత్తి మాత్రం ఇవ్వలేదు. పేషెంట్లు మాత్రం ఊరుకున్నారా? కరోనా డాక్టరమ్మ అట, ఆమె కోస్తానంటే వద్దన్నారు. డాక్టర్లకు దండం పెట్టాలని ఆనాడు పళ్లాలు మోగించింది ఈ జనమే కదా? నువ్వు రొట్టెల పెంక తీసుకుని మోగించావు. ఆ చప్పుడంతా ఎటు పోయింది?

పోయిన నెల పిల్ల నాతో చెప్పింది. ఇగ కత్తి వదిలేస్తుందట. పిట్లంలో జ్వరాలకు గోలీలు రాసే కొలువు ఉందట, వస్తానని కాగితం కూడా రాసి పెట్టుకుంది. నాకు అన్నం సయించలేదు.

నాకు గజ్జల్లో హెర్నియా ఉండేది. బస్తాల బరువుకు వచ్చింది. పంచె కింద దాచుకుని తిరిగాను. పిల్ల కనిపెట్టి వాళ్ల దవాఖానకే తీసుకుపోయింది. పెద్ద డాక్టర్ చూశాడు. తానే చేస్తానని, శిరీష పక్కన పట్టుకుంటే చాలని అన్నాడు. ఈ కరోనా బ్యాచ్ ఫోన్ చూసి పాసైందని నర్సుతో నవ్వాడు. పిల్ల తల వంచుకుని బండల దిక్కు చూసింది.

సాయవ్వా, ఆ చూపు నాకు తెలుసు. నువ్వు కొత్తగా వచ్చినప్పుడు మా అమ్మ నిన్ను జొన్నపిండి ముట్టనివ్వలేదు. రొట్టె విరుగుతుందని, పిండి ఆగమవుతుందని. పైగా ఊరంతా తిరిగి కోడలికి రొట్టె రాదని చెప్పింది. నువ్వు ఇలాగే పొయ్యి దిక్కు చూసి, అమ్మ అటు పోయాక నాతో అన్నావు.

"చెయ్యనియ్యకుంటనే చెయ్యరాదంటరేంది?"

నేను అమ్మను అడగలేదు. ఆ మాట యాభై ఏండ్లు నా దగ్గరే ఉండిపోయింది. ఆ రోజు డాక్టర్ ముందు అదే బయటికి వచ్చింది. నీ మాటే, నా నోట.  నన్ను నా మనవరాలే కోస్తుందని కూడా అనేశాను.

 ఆయన మెల్లగా చెప్పాడు... సొంతవాళ్లను సొంతవాళ్లు కోయకూడదట. ఏదన్నా అయితే తన పేరు పోతుందని భయమట. మరి ఆయన మొదటి కోత కోసిన రోజు ఆయన పక్కన ఎవరూ నిలబడలేదా? అది అడగలేదు. అప్పటికే నా జన్మకు సరిపడా మాట్లాడాను.

కోత ఆయన కోశాడు. కుట్లు పిల్లతో వేయించాడు. మరుసటి వారం కోటగిరి రైతు ఒకాయన ఇదే హెర్నియాతో వస్తే కత్తి పిల్ల చేతికే ఇచ్చి, పెద్ద డాక్టర్ ఎదురుగా నిలబడ్డాడట. రైతు నడిచి ఇంటికి పోయాడు. పిట్లం కాగితం పిల్ల చింపేసింది.

కుట్లు తీసే రోజు వంగి చూసుకున్నాను. బస్తాలు కుట్టినవాణ్ణి, కుట్టు నాకు తెలుసు. ఎక్కడా ఎగుడు దిగుడు లేదు. మంచం కోడుకు వేసిన ముడులే... నువ్వు చూసిన ముడులే. ఇవి నీ ఒంటి మీద పడాల్సినవి. పడనివ్వలేదు. దానికి నాకు ఎవరు జవాబు చెప్తారు?

ఇగ ఆ పిల్లను ఎవరన్నా తక్కువ చేసి మాట్లాడితే ఊరుకోను. నోటి సుతిలి తెంపేశాను. నువ్వు ఉన్నప్పుడే తెంపాల్సింది.

నీ ఇంటాయన
నర్సయ్య