ఇద్దరు తోస్తేనే తెరుచుకునే తలుపు

తమ్ముడికి అన్నయ్య దీవించి రాసేది.

దీవించాను గాని కోపం పోలేదు. మనం టీవీ తెరమీద ఆడిన కోట ఆట రెండో భాగంలో, తాళ్ళ వంతెన మీద ఎలుగుబంటి నా మీద పడితే, నన్ను వదిలేసి అవతలి గట్టున ఉన్న ఇనుప టోపీ కోసం పరిగెత్తావు. నేను చచ్చాను. నువ్వు టోపీ పెట్టుకుని ఊరేగావు. ఇన్నేళ్ళయినా అది నాకు గొంతులో ముల్లే.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నా మోకాలి సంగతి అడిగావు. నొప్పీ ఉంది, నేనూ ఉన్నాను, ఎవరు ముందు పోతారో చూడాలి. మరదలి దగ్గు తగ్గిందా?

ఇదంతా ఫోనులో అనొచ్చుగా అంటావు. ఫోనులో అయితే నవ్వుతావు. కాగితం మీద నీ నవ్వు నాకు వినపడదు. అక్షరాలు వంకర పోయినచోట నువ్వే సరిచేసుకో.

మూడో భాగం గురించి జనం ఏమంటున్నారని అడిగావు. నా సెలూన్‌లో రోజూ అదే రగడ. కుర్రకారంతా బ్రహ్మాండం అంటున్నారు. ఎటు పోవాలో నెత్తిమీద బాణం గుర్తు చూపిస్తుందట. దారి తప్పకుండా ఆడేది ఆటేనా? మొదటి భాగంలో ఒక్క బావి కోసం మనం ఎన్ని సాయంత్రాలు తిరిగాం! ఆ తిరుగుడేరా ఆట.

మొన్న బ్యాంకు గుమాస్తా గడ్డానికి కూర్చుని, "పెద్దాయనా, మీ పాత ఆటలో మనుషులు నడిస్తే బీరువాలు నడిచినట్టుంటుందండీ" అన్నాడు.

"మాట వెనక్కి తీసుకో."

"తీసుకోనండీ."

"అయితే రెండో చెంప ఇంట్లో గీసుకో."

సగం నురగతో లేచిపోయాడు. "బేరాలు బరువయ్యాయా మీకు?" అని మీ వదిన చురక అంటించింది. గొంతు మీద కత్తి ఉండగా నాతో వాదించాడంటే వాడికీ ఆటంటే ప్రాణమే. ఆ మర్యాద ఇస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. మూడో భాగం ముట్టనని సెలూన్‌లో అందరి ముందూ ఒట్టేశాను. కొన్నాను. గుట్టుగా ఆడుతున్నాను. అందరూ మెచ్చుకునేది అందులో గొంతుల్ని. బొమ్మలన్నీ పైకే మాట్లాడతాయి, చదవక్కర్లేదు. నాలా కూడబలుక్కుని చదివేవాడికి పండగే అనాలి. కాదురా. పాత ఆటలో నేను కత్తి తిప్పేవాణ్ణి, తెరమీది మాటలు నువ్వు చదివేవాడివి. రాజుదీ నీ గొంతే, రాక్షసుడిదీ నీ గొంతే, మందులమ్మే ముసలమ్మదీ నీ గొంతే. ఇప్పుడు రాజెవడో పరాయివాడిలా ఉన్నాడు. వాడు యుద్ధానికి పొమ్మంటే నేనెందుకు పోవాలి?

అయినా పోయాను. కోట చివర ఒక తలుపుంది. ఇద్దరు కలిసి తోస్తేనే తెరుచుకుంటుంది. ఆ ఆట చేసినవాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే. మీ వదినని కూర్చోబెట్టాను. తన బొమ్మకి మొహం ఎంచుకోవడానికే పొద్దుగూకింది. చివరికి "ఈ ముక్కుతో నేను గడప దాటను" అని లేచిపోయింది.

తోడు లేనివాళ్ళకి ఆటే ఒకణ్ణి ఇస్తుంది. తీసుకున్నాను. ఏమన్నా "చిత్తం దొరా" అంటాడు. గోతిలో దూకమంటే దూకాడు. ఎందుకు దూకావురా అని తిట్టాను, దానికీ చిత్తం దొరా. "నీ మొహంలే అన్నయ్యా, అటు కాదు ఇటు" అనేవాడు పక్కన లేకుండా గెలిచి ఏం లాభం? వాడు తలుపు మీద చెయ్యేసి నా వంక చూస్తుంటే ఆట కట్టేశాను.

దూరం నుంచి కూడా కలిసి ఆడొచ్చట. చెవులకి పెట్టుకునేది ఒకటి కొంటే నీ గొంతు ఇక్కడ వినపడుతుందని, నాక్కాదు ఇంకెవరికో అన్నట్టు అడిగితే, మళ్ళీ వచ్చిన ఆ గుమాస్తాయే చెప్పాడు. చెప్పినందుకు రెండో చెంపా గీశాను.

వస్తావా, రావా? ఒకటో తారీఖుకి జవాబు నా చేతిలో ఉండాలి. లేదంటే రెండో తారీఖు పొద్దున్నే ఆ చిత్తం దొరగాడితోనే తలుపు తోసేస్తాను. అవతల ఏముందో నీకు చచ్చినా చెప్పను.

ఇట్లు,
తలుపు ముందు నిలబడ్డ
మీ అన్నయ్య