అత్తగారు వండిన భిటౌలీ

హయాత్ అన్నయ్యకు హరూలి దండాలు. మేమూ, మేకలూ కులాసా.

చైత్రంలో అన్నదమ్ములు ఆడపడుచుకిచ్చే భిటౌలీ సారె పట్టుకుని వస్తానన్నావు, సంతోషం. నిరుడు నీకు సెలవు దొరకలేదు కదా. మా అత్తగారే పూరీలూ హల్వా చేసి, "మా కోడలికి వాళ్ళన్న పంపాడర్రా, తినండి!" అని ఊరంతా పంచింది. నన్ను తల దించుకోనివ్వలేదు, చల్లని తల్లి. ఎవరైనా "నిరుటి హల్వా బాగుందయ్యా" అంటే తెల్లమొహం వెయ్యకు.

మున్స్యారీలో బస్సు దిగాక అంతా ఎక్కుడే, మంచింకా కరగలేదు. గట్టి బూట్లు తొడుక్కో. పక్క ఊళ్ళో అక్కను తర్వాత చూద్దువుగాని, ముందు మా ఇంటికే రావాలి. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నాకు చీర లేకపోయినా సరే, అత్తగారికి మంచి శాలువా తే. ఆవిడకు అన్నదమ్ములు లేరు. ఇన్నేళ్ళలో భిటౌలీ ఒక్కసారీ అందుకోలేదు.

నీ చెల్లెలు,
హరూలి