శాలువా కప్పిన లాప్‌టాప్

చెల్లీ,

నువ్వు బాగున్నావా? మరిదిగారి మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కనివ్వకు. పెద్దవాడి దగ్గు ఏమైంది? చిన్నదానికి జ్వరం రాలేదని రాశావు. రాలేదని ఎందుకు రాశావో తెలియక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. నా అక్షరాలు గీత దాటితే సర్దుకుని చదువుకో.

మా అమ్మాయి లాప్‌టాప్ ఎనిమిదేళ్ళది. ఇంట్లో కూర్చుని నలుగురి కాగితాలూ టైపు చేసిపెట్టేది దాని మీదే. అది తెరుచుకునేలోపు నేను స్నానం చేసి రావచ్చు. బాగుచేసేవాడు, "మెమరీ పెంచి, లోపలి డిస్కు మార్చితే ఇంకో మూడేళ్ళు ఢోకా లేదక్కా. కొత్తదైతే దీనికి నాలుగింతలు" అన్నాడు. వారం రోజులు మథనపడింది. "పాతదానికి ఇంత పెట్టడం దండగేమోనమ్మా" అని ఒకసారి, "పెట్టకపోతే పనే పోతుంది" అని ఒకసారి. చూడలేక, నా కంటి ఆపరేషన్‌కి దాచింది తీసి చేతిలో పెట్టాను. "నాకు శుభ్రంగా కనిపిస్తోందే" అన్నాను.

మార్పించాక పదకొండు రోజులు చకచకా నడిచింది. పన్నెండో రోజు ఇక వెలగలేదు. వాడు విప్పి చూసి, "వేడికి లోపల మాడిపోయింది. గాలి ఆడకుండా ఎవరైనా కప్పారా?" అన్నాడు. అమ్మాయి నా వైపు చూసింది.

"నేనెందుకు కప్పుతానే?" అన్నాను.

కప్పాను చెల్లీ. రోజూ కప్పాను. మా వీధి తవ్వుతున్నారు, ఇల్లంతా దుమ్ము. అంత పోసి బాగుచేయించిన వస్తువు. అమ్మాయి కాగితాలు ఇచ్చి రావడానికి వెళ్ళగానే నా ఉన్ని శాలువా కప్పి, పసిపిల్లకు చుట్టినట్టు నాలుగువైపులా దోపేదాన్ని. నడుస్తోందో ఆగిందో నాకేం తెలుసు? చాదస్తం అంటుందని, వచ్చేలోపు తీసేసేదాన్ని.

పనులన్నీ వేరేవాళ్ళకు పోయాయి. ఇప్పుడు బట్టల కొట్లో రోజంతా నిలబడి మడతలు పెడుతోంది. నిన్న వాచిన కాళ్ళకు వేడినీళ్ళు పోస్తుంటే, "పాతదాన్ని నమ్ముకుని నీ కంటి డబ్బు తగలేశానమ్మా. నాదే బుద్ధితక్కువ" అని ఏడ్చింది. నేను నీళ్ళు పోస్తూనే ఉన్నాను.

చెప్పాలి. చెప్తే పోయింది తిరిగి రాదు. పనీ రాదు, నా చూపూ రాదు. దానికి నా మీద ఉన్న నమ్మకం కూడా పోతుందేమో. అయినా తప్పు తనదనుకుని అది బతకడం చూడలేను. ఒక్కదాన్నే ఉంటే మళ్ళీ అబద్ధమే ఆడతాను, నా సంగతి నాకు తెలుసు. నువ్వొచ్చి పక్కన కూర్చో. ఏమీ మాట్లాడక్కర్లేదు. దానికి నెలకు ఒక్క ఆదివారమే సెలవు. పద్నాలుగో తేదీ ఆదివారం, పొద్దున పదింటికల్లా వచ్చెయ్.

నీ అక్క